పాల్ ఆంద్రాష్ కొట్టిన గోలు

అమెరికా చూసి వచ్చినవాళ్ళు జలపాతాల గురించి, ఆకాశాన్నంటే భవనాల గురించి రాస్తారు. నేను వెళ్ళింది పశ్చిమ పెన్సిల్వేనియాలో నది మలుపు తిరిగే చోట, మూతపడ్డ స్టీలు మిల్లు నీడలో ఉన్న ఒక ఊరికి. అక్కడ చూడటానికి ఏమీ లేదని ఆ ఊరివాళ్ళే చెబుతారు. ఒక పేరును ఎలా అచ్చు వేయాలన్న చిక్కు మాత్రం నాకు అక్కడే ఎదురైంది. ఆ ఊరి పేరు చెప్పను. ఈ కథలో ఉన్న ఇద్దరికీ తెలుగు రాదన్న ధైర్యంతోనే మిగతాదంతా రాస్తున్నాను.

హెర్న్‌డన్

వర్జీనియాలో హెర్న్‌డన్ అనే చిన్న ఊళ్ళో నా ఉద్యోగం. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. పొలాల మధ్య ఒక్కొక్కటిగా ఆఫీసులు లేస్తున్నాయి. మా ఆఫీసులో పదిహేను మంది కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. మన ఫుట్‌బాల్‌ని సాకర్ అంటారు. వరంగల్ హాస్టల్లో నేను గోల్‌కీపర్ని. అదీ అసలు గోల్‌కీపర్‌కి జ్వరం వచ్చినప్పుడు మాత్రమే. కాబట్టి ఇక్కడ నాకు మైదానంలో చోటు దొరకలేదు కానీ, మ్యాచ్ రోజున ప్రేక్షకులకు పంచే నాలుగు పేజీల ప్రోగ్రామ్ తయారుచేసే పని దొరికింది. మొదటి పేజీలో రెండు జట్ల పేర్లు, రెండో పేజీలో ఆటగాళ్ళు, మూడో పేజీలో ఎదుటి జట్టు చరిత్ర, నాలుగో పేజీలో పిజ్జా దుకాణం ప్రకటన. ఈ వరుస నేను పెట్టిందే. ఎవరూ మార్చమని అడగలేదు. ఎవరైనా చదువుతారో లేదో కూడా తెలియదు.

ఆ అక్టోబరులో కప్పు పోటీ మొదటి రౌండులో మాకు తగిలిన జట్టు ఏ లీగ్‌లోనూ లేదు. ఒకప్పుడు ఉండేది. మిల్లు మూతపడి కుర్రాళ్ళు పని వెతుక్కుంటూ టెక్సాస్ వెళ్ళిపోయాక లీగ్ నుంచి తప్పుకుంది. కప్పు పోటీకి మాత్రం ఎవరైనా పేరు ఇవ్వచ్చు. వాళ్ళు ఇచ్చారు. వాళ్ళ గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు: హంగేరీ నుంచి వచ్చిన కార్మికులు పెట్టిన క్లబ్బు, ఎన్నో ఏళ్ళ క్రితం ఇదే కప్పు ఒకసారి గెలిచింది. మూడో పేజీకి అది చాలదు. క్లబ్బుకి ఫోన్ చేశాను. ఒక ముసలావిడ ఎత్తింది.

"నీ పేరేమిటి?"

"వల్లూరి మాధవ్ అండీ."

ఆవిడ ఆ పేరు ఒకసారి తనలో తాను అనుకుంది.

"అందులో ఏది ఇంటిది, ఏది నీది?"

అమెరికా వచ్చాక ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఉద్యోగంలో చేరిన రోజున మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాసి ఇచ్చాను. అప్పటినుంచి ఆఫీసంతటికీ నేను "వాల్"ని. మా తాతని, మా నాన్నని, నన్ను, ముగ్గురినీ వరసగా నిలబెట్టి "వాల్!" అంటే ముగ్గురం పలకాలి.

"వల్లూరి ఇంటిదండీ. మాధవ్ నాది."

"సరే, మాధవ్. మాదీ అదే పద్ధతి. చరిత్ర ఫోన్లో చెప్పేది కాదు. వచ్చి తిను, తింటుండగా చెబుతాం."

నా గదిలో ఉండే ప్రసాద్‌కి ఈ సంగతి చెబితే సాక్సు ఆరేస్తూ నవ్వాడు.

"వీకెండంతా డ్రైవ్ చేసి, ఎవడో హంగేరియన్ తాతని ఇంటర్‌వ్యూ చేస్తావా? ఒక పేజీకా? నీకేమైనా లూజా?"

"ఒక పేజీయే. కానీ తప్పు లేకుండా ఉండాలి కదరా."

"తప్పుంటే ఎవడు చూస్తాడు? వాళ్ళేమో రేపో మాపో క్లబ్బు క్లోజ్ చేసేలా ఉన్నారు."

"అందుకేరా" అన్నాను. నేను మాత్రం ఆ మాట అప్పుడు అంత ఆలోచించి అనలేదు.

కొండ మీద నీళ్ళ కూజా

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాను. మేరీలాండ్ కొండలు ఎక్కేటప్పుడు ఆకులన్నీ పసుపు, ఎరుపు. మన దగ్గర చెట్లు ఆకులు రాల్చేటప్పుడు ఎవరికీ చెప్పకుండా రాలుస్తాయి. ఇక్కడ ముందు తిరునాళ్ళు చేసి ఆ తర్వాత రాలుస్తాయి. అది చూస్తూ ఇంజన్ వేడి ముల్లు చూడటం మరిచిపోయాను. సగం కొండ మీద రేడియేటర్ పొగలు కక్కింది.

అదృష్టం ఏమిటంటే ఎదురుగానే ఒక చిన్న హోటలు ఉంది. రోడ్డు పక్కన రైలు పెట్టెలా పొడుగ్గా ఉండి, పొద్దస్తమానం పొద్దుటి ఫలహారమే పెట్టే ఇలాంటి హోటళ్ళను ఇక్కడ డైనర్లంటారు. వడ్డించే ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. నేను నోరు తెరిచేలోపే కిటికీలోంచి కారు చూసి, పెద్ద ప్లాస్టిక్ కూజాతో నీళ్ళు తెచ్చింది.

"ముందు కారుకి తాగించు. తర్వాత నీ సంగతి చూస్తాను."

"మూత ఇప్పుడే తీయకూడదండీ. చల్లారాలి."

"చూశావా, తెలిసినవాడివే. మరి ఎందుకు ఉడకబెట్టావు?"

ఆపిల్ పై తిన్నాను. ఆపిల్ ముక్కలు దాల్చినచెక్కతో ఉడికించి గోధుమపిండి రేకుల మధ్య పెట్టి కాల్చేది. మన కజ్జికాయని పళ్ళెమంత చేసి కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాఫీ కప్పు ఖాళీ అవుతుంటే అడక్కుండానే పోస్తారు, ఎన్నిసార్లు పోసినా ఒకటే ధర. ఈ పద్ధతి తెనాలిలో పెడితే ఆ హోటలు ఎన్నాళ్ళు నిలబడుతుందో నాకు అనుమానమే. ఎక్కడికి వెళుతున్నావని ఆవిడ అడిగితే ఊరి పేరు చెప్పాను.

"అక్కడికి ఎవరూ వెళ్ళరే. అందరూ అక్కణ్ణించే వస్తారు" అంది.

క్లబ్బు హాలు

రాత్రి దారిలోనే పడుకుని, శనివారం పొద్దున ఊళ్ళోకి దిగాను. నది పొడుగునా మిల్లు. ఇంత పొడవైన నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. గొట్టాలున్నాయి, పొగ లేదు. పట్టాలున్నాయి, వ్యాగన్లు లేవు. కొండ వాలు మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు చెక్క ఇళ్ళు. కొన్ని వరండాల్లో ఎండుమిరపకాయల దండలు వేలాడుతున్నాయి. కారు ఆపి మళ్ళీ చూశాను. నిజంగా మిరపకాయలే.

క్లబ్బు అంటే ఒక ఇటుకల హాలు, వెనక వంటిల్లు, నేలమాళిగలో ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది. తలుపు దగ్గరే ఫోన్లో మాట్లాడిన ఆవిడ నిలబడి ఉంది. పేరు ఇలోనా. పొట్టి మనిషి, పిండి అంటిన చేతులు. వాళ్ళ భాషలో పెద్ద ఆడవాళ్ళ పేరు పక్కన "నేనీ" అని, మగవాళ్ళ పేరు పక్కన "బాచీ" అని చేరుస్తారు. చుట్టరికం ఉండక్కర్లేదు. మన పిన్నిగారు, బాబాయిగారు లాగే. పొద్దుట పది గంటలకల్లా నేను ఆవిడని ఇలోనా నేనీ అనడం మొదలుపెట్టాను. ఆఫీసులో మా డైరెక్టరుగారిని "బాబ్" అని పిలవడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇది మాత్రం నోటికి ఇట్టే వచ్చేసింది.

"మాంసం తినవా? డాక్టరు చెప్పాడా?"

"కాదండీ, మా అమ్మ చెప్పింది."

"అయితే సరే. డాక్టర్లు మాట మారుస్తారు."

నాకోసం సాసేజి తీసేసి బంగాళాదుంపలు ఎర్రకారంలో విడిగా ఉడికించింది. దానితోపాటు పెద్ద పూరీలాంటిది ఒకటి, పైన వెల్లుల్లి రసం రాసి. ఇంటి పెరట్లో కాసిన పచ్చటి మిరపకాయ ఒకటి పళ్ళెం అంచున పెట్టింది. హాల్లో ఉన్న నలుగురు ముసలివాళ్ళు మాట్లాడటం ఆపి నా వైపు చూశారు. గుంటూరు జిల్లావాణ్ణి, ఒక మిరపకాయ నన్నేం చేస్తుందిలే అని సగం కొరికాను. ఆ తర్వాత కాసేపటిదాకా నాకు హాలు కనపడలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని చూస్తే నలుగురూ బల్ల కొడుతూ నవ్వుతున్నారు. జిల్లా పరువు అక్కడే పోయింది.

వాళ్ళలో పొడుగాటి ఆయన లేచి నీళ్ళు కాదు, రొట్టె ముక్క అందించాడు.

"నీళ్ళు తాగితే ఇంకా మండుతుంది. ఏ ఊరు నీది?"

"ఇండియాలో ఆంధ్ర అండీ."

"ఆంధ్రా? నా పేరు ఆంద్రాష్!" అని ఛాతీ మీద కొట్టుకున్నాడు. "వినండ్రా! వీళ్ళ దేశంలో నా పేరుతో ఒక రాష్ట్రమే ఉంది. ఈ ఊళ్ళో ఒక సందుకైనా పెట్టారా?"

"సందుకి పెడితే దాన్ని కూడా పేకాటలో పోగొడతావు" అని వంటింట్లోంచి ఇలోనా నేనీ అరిచింది.

ఆంద్రాష్ బాచీకి డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళు మిల్లులో పనిచేశాడు. అంతకుముందు నుంచే ఈ జట్టులో లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ అంచున పరుగెత్తే ఆటగాడు. ఇప్పుడు కోచ్. చరిత్ర చెప్పాల్సింది ఆయనే. నేను నా కాగితం మీద ముందే గీసుకున్న వరుసలో అడిగాను: పుట్టుక, మైదానం, రంగులు, పెద్ద గెలుపు. ఆయన వరుస లేకుండా చెప్పాడు. మిల్లు యజమానులు ఆదివారం ఆడటానికి ఒప్పుకోకపోతే దొంగతనంగా చర్చి వెనక ఆడారట. మొదటి చొక్కాలు ఇళ్ళలోని కిటికీ తెరలతో కుట్టారట. అందుకే వాళ్ళ రంగు ఇప్పటికీ ఆ తెరల మీది తెల్ల పూలు చెరిగిపోగా మిగిలిన ఆకుపచ్చ.

చివరికి పెద్ద గెలుపు దగ్గరికి వచ్చాం. అప్పటికి ఇలోనా నేనీ వచ్చి బల్ల చివర కూర్చుంది.

"ఫైనలు దూరంగా, సముద్రపు ఒడ్డు ఊళ్ళో. రైల్లో వెళ్ళాం. చూడ్డానికి రావడానికి ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. ఒకే గోలు" అన్నాడాయన. "నేను అంచునించి పాస్ ఇచ్చాను. పాలి దాన్ని ఆపలేదు, చూడలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే ఎడమ కాలితో..." అని చేత్తో గీత గీశాడు. బల్ల కింద ఆయన ఎడమ కాలు కూడా కదిలి నా మోకాలికి తగిలింది.

పాలి అంటే పాల్. ఇలోనా నేనీ భర్త. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరసలో మధ్యన ఆడేవాడు. ఇరవయ్యేడేళ్ళకే పోయాడు.

"ఈ క్లబ్బులో ఒక ఆచారం ఉంది, రాసుకో" అంది ఆవిడ. "మ్యాచ్ అయ్యాక నేను అక్రోట్ల రొట్టె కోస్తాను. గోలు కొట్టినవాడికి మొదటి ముక్క. ఫైనలు జరిగిన రోజున ఏటా చేస్తాను. పాలి లేడు కదా. అందుకని ఆ మొదటి ముక్క పాస్ ఇచ్చినవాడికి." తల తిప్పి ఆంద్రాష్ బాచీ వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

గోడ మీద

ఆ గోడ మీద రెండు పటాలున్నాయి. ఇలోనా నేనీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళాక నేను వాటి దగ్గరికి వెళ్ళాను, ఆంద్రాష్ బాచీ కూడా లేచి వచ్చాడు. ఒకటి పాత పేపరు ముక్క. ఇంగ్లీషులో. కప్పు గెలిచారు, గోలు కొట్టింది పాల్ ఆంద్రాష్, పక్కన నవ్వుతున్న ఒక కుర్రాడి ఫోటో. రెండోది జట్టు ఫోటో. పదకొండు మంది, కింద తెల్ల సిరాతో పేర్లు. మధ్యలో కూర్చున్నది ఆ నవ్వుతున్న కుర్రాడే. అతని కింద రాసి ఉన్నది "ఆంద్రాష్ పాల్". ఎడమ చివర పొడుగ్గా నిలబడినవాడి కింద "పాల్ ఆంద్రాష్".

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. హంగేరీవాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. మన దగ్గర పోతురాజు అనే ఇంటిపేరూ ఉంది, పోతురాజు అని మనుషులూ ఉన్నారు, రామరాజూ అంతే. రామరాజు పోతురాజు, పోతురాజు రామరాజు అని ఇద్దరు ఒకే జట్టులో ఆడారనుకోండి. ఇక్కడ జరిగింది అదే. సెంటర్ ఫార్వర్డ్ ఇంటిపేరు ఆంద్రాష్, సొంత పేరు పాల్. లెఫ్ట్ వింగ్ ఇంటిపేరు పాల్, సొంత పేరు ఆంద్రాష్. అంటే నా పక్కన నిలబడ్డ ఈ పెద్దాయన.

అమెరికావాడు పేపరులో ఆ పేరు చదివితే ముందున్నది సొంత పేరనుకుంటాడు, పాలి దగ్గర ఆగిపోతాడు. నేను మన పద్ధతిలో చదివాను, బాచీ దగ్గర ఆగాను.

"బాచీ, ఈ పేపరుకి పేరు ఎవరు పంపారు? మీవాళ్ళా?"

"మా సెక్రటరీ. టెలిగ్రాం ఇచ్చాడు."

"మీ పద్ధతిలో ఇచ్చి ఉంటాడు కదా? ఇంటిపేరు ముందు? అయితే గోలు..."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. వంటింటి తలుపు తెరిచే ఉంది.

"నడు" అన్నాడు. "నీకు మిల్లు చూపిస్తాను."

మిల్లు గేటు

గేటుకి తాళం, తాళానికి తుప్పు. లోపల గడ్డి మోకాలెత్తు. ఆయన గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. రోజూ అక్కడే నిలబడతాడేమో, ఆ చోట కమ్మీ నున్నగా ఉంది.

"ఇన్నేళ్ళలో ఎంతోమంది ఆ పేపరు చదివారు. ఎవరూ అడగలేదు. నువ్వెలా పట్టుకున్నావు?"

"నన్ను ఆఫీసులో మా ఇంటిపేరుతో పిలుస్తారండీ."

ఆయన పెద్దగా నవ్వి, మధ్యలోనే ఆపేశాడు.

"రైలు పొద్దున్నే దిగింది. షిఫ్టు సైరన్ మోగుతోంది. 'ఇంటికెళ్ళి పెళ్ళానికి కనపడి రారా' అన్నాను. 'సాయంత్రం కప్పుతోపాటు వెళతాలే' అని బూట్ల సంచితోనే ఇదిగో, ఈ గేట్లోంచే లోపలికెళ్ళాడు. మధ్యాహ్నం క్రేన్ గొలుసు తెగింది."

నది మీద ఒక పడవ వెళుతోంది. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"మర్నాడు పేపరొచ్చింది. సెక్రటరీ మా పద్ధతిలో పేరు పంపాడు, పేపరువాడు వాడి పద్ధతిలో చదివాడు, పాల్ అనేవాణ్ణి వెతికి ఫోటో వేశాడు. ఇలోనా ఆ పేపరు పట్టుకుని కూర్చుంది. రెండు రోజులు ఎవరు పిలిచినా పలకలేదు. మూడో రోజు నన్ను చూసి, 'నా పాలి ఎలా కొట్టాడు, చెప్పు' అంది. ఏం చెప్పమంటావు? పేర్లు తారుమారయ్యాయమ్మా అని చెప్పమంటావా?"

"ఏం చెప్పారు?"

"తారుమారు చేసే చెప్పాను. పాస్ నేనిచ్చాను, గోలు వాడు కొట్టాడు అని. నిజానికి పాస్ వాడిచ్చాడు. అలాంటి పాస్ నా జన్మలో మళ్ళీ రాలేదు. కాలు అడ్డం పెడితే చాలు. కాబట్టి అబద్ధం మరీ పెద్దది కాదు." కమ్మీ వదిలి నా వైపు తిరిగాడు: "జట్టులో మిగతావాళ్ళంతా పోయారు. ఇప్పుడు నాకు తెలుసు, నీకు తెలుసు. నువ్వు చదువుకున్నవాడివి, లెక్క ప్రకారం రాసేవాడివి. ఏం రాస్తావు?"

తప్పు తెలిసి కూడా అచ్చు వేయడం నాకు అలవాటు లేదు. ఆయన ముందు నిలబడి ఆయన గోలు ఇంకొకరికి రాయడం కూడా నాకు న్యాయంగా తోచలేదు. ఒప్పు రాస్తే, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఆవిడకి ఆ గోలుకి బదులు నేనేమిస్తాను?

"మీకు... మీ పేరు రావాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"వచ్చింది కదయ్యా. పేపర్లో ఉన్నది నా పేరే. చదవడమే తప్పు చదివారు."

ఆదివారం

పొద్దున వాళ్ళ చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నాను. ఒక్క మాట అర్థం కాలేదు. ప్రార్థన అయ్యాక మాత్రం అందరూ మెట్ల మీదే నిలబడి గంటసేపు మాట్లాడుకున్నారు. అది పూర్తిగా అర్థమైంది.

మైదానం మిల్లు గోడ పక్కనే. ప్రాక్టీసుకి వచ్చినవాళ్ళలో ఒక పోస్ట్‌మాన్, ఇద్దరు స్కూలు మాస్టర్లు, పని లేని కుర్రాళ్ళు. ఆంద్రాష్ బాచీ గీత బయట నిలబడి అందరినీ తిడుతున్నాడు. వాళ్ళు నవ్వుతూ పరుగెత్తుతున్నారు. వాళ్ళ బలాలు రాసుకు రమ్మని మా కెప్టెన్ నాకు ప్రత్యేకంగా చెప్పి పంపాడు. నేను రాసుకున్నది: ఎవరూ అలిసిపోయినట్టు కనపడరు, అందరూ అలిసిపోయారు.

బయలుదేరేటప్పుడు ఇలోనా నేనీ కారు కిటికీలోంచి రొట్టె మూట, నాలుగు ఎండుమిరపకాయలు నా ఒళ్ళో పడేసింది.

"మాధవ్, పాలి గురించి బాగా రాస్తావు కదూ?"

"రాస్తానండీ" అన్నాను. ఆంద్రాష్ బాచీ వెనక నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు.

కొండ దిగేదాకా ఇంజన్ ముల్లు చూస్తూనే ఉన్నాను, కానీ ఒక్క వాక్యమే తలలో తిరిగింది. "ఆ గోలు కొట్టింది..." తర్వాత ఏమిటి?

మళ్ళీ హెర్న్‌డన్

ఆ వారమంతా మూడో పేజీ మీదే గడిచింది. మా ప్రోగ్రామ్‌లో పేర్లు రాసే పద్ధతి ఒకటుంది. అదీ నేను పెట్టిందే. ఇంటిపేరు, తర్వాత కామా, తర్వాత సొంత పేరు. దాంతో ఎవరు ఎవరో అనుమానం రాదు. టైపు మెషిన్ ముందు కూర్చుని "పాల్" అని కొట్టి ఆగాను. కామా పెడితే గోలు ఆంద్రాష్ బాచీది. కామా లేకుండా వదిలేస్తే అమెరికావాడు పాలి అని చదువుకుంటాడు, మనలాంటివాడు బాచీ అని చదువుకుంటాడు. కొట్టిన అక్షరాల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

ప్రసాద్ నా వెనక నిలబడి జీడిపప్పు నములుతున్నాడు.

"కామా మిస్సయిందిరా."

"మిస్ కాలేదు."

"రూల్ నీదే కదా? పోయినసారి నేను కామా మర్చిపోతే మొత్తం పేజీ రీటైప్ చేయించావు!"

"ఈ ఒక్క పేరుకీ లేదు."

"సరే బాబూ. నీ ప్రోగ్రామ్, నీ ఇష్టం. జ్వరం గిరం వచ్చిందా?" అని నిజంగానే నుదురు ముట్టుకు చూశాడు.

నేను రాసిన వాక్యం ఇదీ: "అంచునుంచి వచ్చిన పాస్‌ను ఆపకుండా, ఎడమ కాలితో, పాల్ ఆంద్రాష్ గోలుగా మార్చాడు." అంతే. ఎవరి ఫోటో విడిగా వేయలేదు. క్లబ్బులో అడిగి తెచ్చుకున్న జట్టు ఫోటో మాత్రం వేశాను.

ఆదివారం మధ్యాహ్నం నాలుగు కార్లలో వాళ్ళు వచ్చారు. చివరి కారులో ఆ ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళ మధ్య సీటులో గుడ్డ కప్పిన పళ్ళెం. ఆట గురించి చెప్పాల్సింది తక్కువ. మావాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. వాళ్ళు ఒక్కటీ కొట్టలేదు, కానీ చివరి విజిల్ దాకా పరుగెత్తారు. అది వాళ్ళ ఆఖరి మ్యాచ్ అవుతుందా అని ఎవరూ అడగలేదు. మావాళ్ళు వరసగా నిలబడి వాళ్ళతో చేతులు కలిపారు. ఆంద్రాష్ బాచీ మైదానంలోకి వెళ్ళి ఒక్కొక్కడి మెడ మీద చరిచి, ఒక్కొక్కడినీ తిట్టి వస్తున్నాడు.

ఇలోనా నేనీ మడత కుర్చీలో కూర్చుని మూడో పేజీ చదువుతోంది. కళ్ళజోడు పైకెత్తి చదివింది, దించి చదివింది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

"పేరు మనలాగే రాశావు" అంది.

"మా ఊళ్ళో కూడా అలాగే రాస్తామండీ."

"ఊఁ. ఎడమ కాలు అని కూడా రాశావు."

"బాచీ చెప్పారు కదండీ..."

"మా పాలి ఎడమ కాలితో చెప్పు కూడా విదల్చలేడు" అంది కాగితం మీంచి కళ్ళెత్తకుండా. "పెళ్ళిలో ఆ కాలితోనే నా పాదం తొక్కి ముందుకి పడబోయాడు."

నేను ఆవిడ కుర్చీ వైపు వంగాను.

"ఎప్పటినుంచి తెలుసండీ?"

"ఆంద్రాష్ మొదటిసారి ఆ కథ చెప్పినరోజే. నోరు పాలి అంటోంది, బల్ల కింద వాడి ఎడమ కాలు కొడుతోంది. ఇన్నేళ్ళయినా ఆ కాలు దానంతటది ఊరుకోదు." కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దాచుకుంది. "వాడు నాకోసం తన గోలు ఇచ్చాడు. అది తిరిగి వాడి మొహాన కొట్టమంటావా? వాడికి చెప్పకు."

"మరి ఏటా ఆ మొదటి ముక్క..."

"గోలు కొట్టినవాడికి మొదటి ముక్క. మా ఆచారం అది. నేనెప్పుడైనా తప్పానా?"

అప్పటికి ఆంద్రాష్ బాచీ రొప్పుతూ వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ పళ్ళెం మీద గుడ్డ తీసింది. అక్రోట్ల వాసన చల్లగాలిలోకి లేచింది.

"ఇవాళ మనవాళ్ళెవరూ గోలు కొట్టలేదు" అంది ఆవిడ పైకి, కత్తి తుడుస్తూ. "మొదటి ముక్క ఎవరికివ్వను? సరేలే. ఆనాడు పాస్ ఇచ్చినవాడికి."

ఆయన ముక్క అందుకున్నాడు. ఆవిడకి కనపడకుండా నా వైపు చూసి కన్ను గీటాడు. అదే క్షణంలో ఆవిడ, ఆయనకి కనపడకుండా, నా కాలు తొక్కింది.